కిటికీలో కూర్చున్న చిన్నవాడు
(అపొ. కార్యములు 20:7–12)



ఐతుకు పేరు వినగానే మన కూటములలో పెద్దలు చిరునవ్వు నవ్వుదురు. ప్రసంగములో కునుకు తీయు పిల్లలను గద్దించుటకు ఆ పేరు మనకు బాగుగా పనికివచ్చినది. మేమును అట్లే వాడుకొంటిమి. 2020వ సంవత్సరము తరువాత మాత్రము ఆ పేరుతో ఎవరినైనను గద్దించుటకు మాకు నోరు రాలేదు.

ఆ యేడు మార్చి 25 నుండి లాక్‌డౌన్ వచ్చెను. ఏప్రిల్ 12న, ఈస్టరు పండుగనాడు సయితము, గుడి తలుపులు తెరువలేదు. వేసవిలో ఏటేట జరుగు యౌవనస్థుల కూటమును మానుకొనలేక, మే నెలలో జూమ్ ద్వారా ఫోనులోనే మూడు సాయంకాలములు జరిపితిమి. పిల్లలను చేర్చుకొనుట, పేర్లు వ్రాసికొనుట, ప్రసంగీకునికి అడ్డము రాకుండ చూచుట మా నలుగురి పని.

పల్లెటూరి యింటిలో ఏకాంతపు గది ఎక్కడిది? ఒకరి ఫోనులో మేకలు అరచుచుండెను, మరియొకరి ఫోనులో తల్లి నీళ్లకు పిలుచుచుండెను. కొందరు సిగ్నలు కొరకు డాబా ఎక్కి కూర్చుండిరి. మొదటి సాయంకాలమే విసిగి అందరిని మ్యూట్ చేసితిమి. ఎంత నెమ్మది! మన గుడిలో ఎన్నడును ఇంత క్రమముగా జరుగలేదని సంతోషించితిమి కూడ. ఉచితపు ఖాతా గనుక 40 నిమిషములకు కూటము తెగిపోవుచుండెను. మరల కలియుట, మరల మొదలు. తెగిన ప్రతిసారియు కొందరు తిరిగి రాలేదు.

రెండవనాడు ఒక చిన్నవాడు చేయెత్తిన గుర్తు చాలసేపు పెట్టియుంచెను. మేము చూచితిమి. ప్రసంగమైన పిమ్మట అడుగవచ్చునులే అని ఊరకుంటిమి. ఇంతలో కూటము తెగెను. వాడు మరల రాలేదు. డేటా అయిపోయియుండును, లేదా నిద్రపోయియుండును అనుకొని, పేరు ప్రక్కన హాజరు వేసితిమి. మూడవనాడును రాలేదు.

త్రోయలో పౌలు మరునాడే ప్రయాణము కావలసినవాడు. అర్ధరాత్రి అయినది, చెప్పవలసినది ఇంకను ఉన్నది. పడినవాడు సంఘ పెద్ద కాడు. కిటికీలో కూర్చున్న కుఱ్ఱవాడు. అయినను అపొస్తలుడు మాట ఆపి తానే క్రిందికి దిగెను, వానిని కౌగిలించుకొనెను. ఆ తరువాతనే పైకి వచ్చి రొట్టె విరిచెను. ఎక్కువసేపు బోధించెనని పౌలును తప్పుపట్టుటకు మనకు పని లేదు. తెల్లవారువరకు మరల మాటలాడెను గదా!

పట్టణములలో చదువుకొను మన పిల్లల కొరకు ఫోను కూటములు నేటికిని జరుగుచున్నవి గనుక ఇది వ్రాయుచున్నాము. ఇప్పుడు ప్రసంగము 20 నిమిషములు మించనీయము. మేకలు అరచినను సరే, తరువాత అందరి నోళ్లును తెరచి ఉంచుదుము. మధ్యలో వెళ్లిపోయిన వారికి ఆ రాత్రియే ఫోను చేయుదుము.

ఆనాడు మేము దిగుటకు జూన్ నెల వచ్చినది. గుడులు తెరచుకొనుటకు 8వ తేదీన అనుమతి వచ్చిన పిమ్మట, పాస్టరుగారితో ఆ చిన్నవాని యింటికి పోతిమి. కూటమునకు రెండు దినముల ముందు వాని తాతగారు ప్రభువునందు నిద్రించిరట. భూస్థాపనకు ఇరువదిమందికి మించరాదని ఆజ్ఞ. పొరుగూరినుండి పాస్టరుగారు రాలేకపోయిరి. ప్రార్థన లేకయే పాతిపెట్టిరి.

“అయ్యగారూ, ప్రార్థన చెయ్యకుండా పెట్టేస్తే తాతను దేవుడు చేర్చుకుంటాడా? అది అడుగుదామనే చెయ్యెత్తాను” అనెను.

మాలో ఎవరికిని వెంటనే మాట రాలేదు. మాతో వచ్చిన ఒక పెద్దమ్మగారు, “మోషేను ఎవరు పాతిపెట్టారో తెలుసా నాయనా?” అని ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయము తీయించిరి. మోయాబు లోయలో సంఘము లేదు, యాజకుడు లేడు. ప్రభువే ఆ పని చేసెను. చిన్నవాడు ఆ వచనమును రెండుసార్లు చదివికొనెను.

ప్రొద్దు క్రుంకువేళ అందరము సమాధి యొద్దకు పోతిమి. ప్రార్థన చేయుడని పాస్టరుగారిని అడుగగా, ఆయన ఆ చిన్నవాని వైపు చూచిరి. వాడు చెప్పులు విడిచి, మట్టిమీద మోకరించి, తానే మొదలుపెట్టెను.