ఎవరి కాలు తొక్కితే పర్వాలేదు?

ఇబ్రహీంపట్నంలో పొద్దున్నే సిటీ బస్సెక్కితే సాగర్ రోడ్డు పొడవునా ఒక మాట చెవిన పడుతూనే ఉంటుంది. అటెండెన్స్ తక్కువైందని ఒక ఇంజనీరింగ్ కుర్రాడు హెచ్చరిస్తే పక్కవాడి జవాబు: "ఐ డోంట్ కేర్ రా." ఇంట్లో తిడతారంటే డోంట్ కేర్. ఫోన్లో అవతలి పిల్ల అలిగిందంటే కూడా అదే, కాకపోతే ఈసారి గొంతు కొంచెం తగ్గుతుంది. దానికి మన హైదరాబాదీ కవల ఒకటుంది: "లైట్ తీస్కో." అంతలో డ్రైవర్ బ్రేకు వేస్తాడు. ఆ డోంట్ కేర్ కుర్రాడే తూలి, కూరగాయల గంప పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ కాలు తొక్కుతాడు. "సారీ అమ్మా" అంటాడు. "పర్వలేదు తీ బిడ్డా" అంటుందామె, పాదం వెనక్కి లాక్కుని రుద్దుకుంటూ.

చిత్రమేమిటంటే, నిఘంటువు ప్రకారం ఇద్దరూ అన్నది ఒకే మాట. పర్వా అనేది ఫార్సీ నుంచి వచ్చింది. చింత, పట్టింపు అని దాని అర్థం. పర్వా లేదు అంటే అక్షరాలా డోంట్ కేర్. అలాంటిదే ఖాతరు, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన నోటికెక్కింది. 'ఆదేశాలు బేఖాతరు' అనే శీర్షిక లేకుండా తెలుగు పత్రికలకు వారం గడవదు. ఈ మాటల రాకపోకల గురించి చెప్పుకోవడానికి ఇబ్రహీంపట్నం తగిన చోటే. ఊరి పేరులోనే ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఉన్నాడు. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఆయన్ని తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. ఇంగ్లీషు 'కేర్' మూలం ఇంకా బరువైనది. పాత ఇంగ్లీషులో దానికి దుఃఖమని అర్థం. అంటే మొదట్లో డోంట్ కేర్ అన్నవాడు 'నాకు ఏడుపు రావడం లేదు' అని ఒప్పుకున్నట్టే.

మాట ఒకటే అయినా ఆ పెద్దావిడ నోట అది పెద్దమనసు, కుర్రాడి నోట పొగరు ఎందుకైంది? తొక్కింది ఆమె కాలు, వదిలేసిందీ ఆమే. తన నష్టాన్ని తాను వదులుకోవడం ఒకటి, పక్కవాడి నష్టాన్ని తాను వదిలేయడం ఇంకొకటి. మన వేదాంతులు పేజీలకు పేజీలు రాసిన వైరాగ్యానికీ, వీధిలో వినబడే 'నాకేంది' అనే మాటకూ తేడా ఇక్కడే ఉంది.

భగవద్గీత పన్నెండో అధ్యాయం పదహారో శ్లోకంలో భక్తుడి లక్షణాలు వరసగా వస్తాయి. వాటిలో 'ఉదాసీన' ఒకటి. ఆ మాట పట్టుకుని దేన్నీ పట్టించుకోకపోవడమే భక్తి అనుకునేవాళ్లున్నారు. వాళ్లు ఒక్క పదం వెనక్కి చూస్తే బాగుండు. దానికి ముందున్న మాట 'దక్ష', అంటే పని చేతనైనవాడు, ఏమరుపాటు లేనివాడు. ఏ పక్షమూ పట్టకపోయినా చేయి మాత్రం పని మీద ఉండాలి.

చెరువుల సీమలో పెరిగినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు, నీరటిని తలచుకుంటే చాలు. తెలంగాణ ఊళ్లలో తూము తీసేదీ మూసేదీ ఆయనే. ఏ మడికి ఎంత పారాలో ఆయన చేతిలో ఉంటుంది. పటేల్ పొలమని ఎక్కువ వదలకూడదు, తన చుట్టం మడని రాత్రిపూట తూము ఎత్తకూడదు. మడుల విషయంలో ఆయన ఉదాసీనుడు. కట్ట విషయంలో అలా కుదరదు. వానాకాలం రాత్రి అలుగు ఉధృతంగా పారుతుంటే గుడ్డి లాంతరు పట్టుకుని కట్ట పొడవునా నడవాల్సిందే. ఎండ్రకాయ బొక్కలో నీరు ఊరుతోందేమో వంగి చూడాల్సిందే. 'నాకేంది' అని పడుకుంటే తెల్లారేసరికి గండి.

బౌద్ధులు ఈ చిక్కును ముందే పసిగట్టారు. అలవరచుకోవాల్సిన సుగుణాల్లో మైత్రి, కరుణ, పక్కవాడి మేలు చూసి సంతోషించే ముదితల తర్వాత నాలుగోదిగా ఉపేక్షను పెట్టారు. అది సుఖదుఃఖాలకు చలించని సమదృష్టి. అయిదో శతాబ్దంలో శ్రీలంకలో 'విశుద్ధిమగ్గం' రాసిన బుద్ధఘోషుడు ఈ నాలుగింటికీ శత్రువుల్ని చూపించాడు. దూరపు శత్రువు సులువుగానే దొరికిపోతాడు. దగ్గరి శత్రువు మాత్రం చుట్టంలా ఇంట్లోనే తిరుగుతుంటాడు. ఉపేక్షకు అలాంటి దగ్గరి శత్రువు, అజ్ఞానం వల్ల పుట్టే పట్టనితనమే. కాలం గడిచేకొద్దీ ఆ శత్రువే ఇల్లు ఆక్రమించాడు. ఇవాళ తెలుగులో ఉపేక్ష అంటే అలసత్వం. 'ఎంతటివారైనా ఉపేక్షించేది లేదు' అని పోలీసు అధికారి మైకు ముందు అంటున్నాడంటే ఒక బౌద్ధ సుగుణాన్ని వద్దంటున్నాడన్నమాట! గ్రీకు తాత్వికులైన స్టోయిక్కుల 'అపాథియా'కూ ఇదే గతి పట్టింది. ఉద్వేగాలకు లొంగని నిబ్బరానికి పెట్టిన పేరు, ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'అపతీ' అనే జడత్వమైంది.

పట్టనితనాన్ని జెండా మీదికి ఎక్కించినవాళ్లూ ఉన్నారు. ఇటలీ ఫాసిస్టు నేత ముస్సోలినీ అనుచరుల నినాదం 'మే నే ఫ్రేగో', మోటు ఇటాలియన్‌లో 'నాకు లెక్క లేదు' అని. ఫ్లోరెన్స్ దగ్గర బార్బియానా అనే కొండపల్లెలో పేద పిల్లలకు చదువు చెప్పిన కాథలిక్ పూజారి డాన్ లొరెంజో మిలానీ తన బడి గోడ మీద ఇంగ్లీషులో 'ఐ కేర్' అని రాయించాడు. అది ఆ ఫాసిస్టు నినాదానికి సరిగ్గా వ్యతిరేకమని 1965లో న్యాయమూర్తులకు రాసిన లేఖలో వివరించాడు. ఇటాలియన్ పిల్లల బడిలో ఇంగ్లీషు మాట ఎందుకంటే, తమ భాషలో దానికి సాటి మాట దొరకదని ఆయన అభిప్రాయం. తెలుగులో దొరుకుతుందా? 'పట్టించుకుంటాను' దగ్గరికి వస్తుంది. అయినా మనం ఆ మాటను 'పట్టించుకోను' అనే రూపంలోనే ఎక్కువ వాడతాం.

మళ్లీ ఇబ్రహీంపట్నానికే వద్దాం. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో పెట్టిన శిబిరంలో ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి రోజుల్లో ఇన్‌ఫెక్షన్‌తో నలుగురు చనిపోయారు. నలుగురూ చిన్న వయసు తల్లులే. ఆ రోజు అక్కడ ఎవరూ 'ఐ డోంట్ కేర్' అని నోటితో అని ఉండరు. వ్యవస్థలకు ఆ మాట అనాల్సిన అవసరం రాదు. 'ఏమైతది తీ, ఎప్పుడూ చేసేదే కదా' అనే అలవాటు చాలు. ప్రభుత్వం విచారణ జరిపించింది, పలువురిపై చర్య తీసుకుంది, నష్టపరిహారం ప్రకటించింది. అంతకు ముందు, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఇలాంటి శిబిరమే పదిమందికి పైగా మహిళల ప్రాణాలు తీసింది. 2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, ఈ శిబిరాల పద్ధతిని మాన్పించేలా రాష్ట్రాలను ఒప్పించాలని కేంద్రానికి చెప్పింది. అందుకు మూడేళ్ల గడువు పెట్టింది.

ఆ గడువు 2019లోనే తీరిపోయింది.