బ్రతికినందుకు క్షమాపణ చెప్పుకోవాలా?



మీ ఇంట్లో పదిహేను, పదహారేళ్ళ బిడ్డ ఉన్నట్లయితే ఒక నవల గురించి మీతో మాట్లాడాలని ఉంది. మలేషియా రచయిత్రి హన్నా అల్కాఫ్ ఇంగ్లీషులో వ్రాసిన ‘ద వెయిట్ ఆఫ్ అవర్ స్కై’ 2019లో వెలువడింది. ఇది మన కౌలాలంపూర్ కథ. 1969 మే 10న ఎన్నికలు జరిగాయి. మే 13న నగరంలో మలయులకూ చైనీయులకూ మధ్య అల్లర్లు చెలరేగాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 196 మంది చనిపోయారు. మీ సంఘంలో డెబ్బై దాటిన పెద్దలుంటే ఆ కర్ఫ్యూ రోజుల గురించి అడిగి చూడండి.

కథలో మెలాతి, సఫియ్యా ప్రాణ స్నేహితులు. ఇద్దరూ మలయు పిల్లలు. బీటిల్స్ పాటలంటే మెలాతికి ప్రాణం. ఆ సాయంత్రం వాళ్ళు రెక్స్ థియేటర్లో సినిమా చూస్తుండగా అల్లరి మూక లోపలికి వచ్చి, జాతిని బట్టి మనుషులను వేరు చేస్తుంది. ఆంటీ బీ అనే చైనీయ స్త్రీ మెలాతిని చూపించి, ఈమె యురేషియన్ అని చెప్పి, తనతో బయటకు తీసుకుపోతుంది. సఫియ్యాను మాత్రం తప్పించలేకపోతుంది. ఒక స్నేహితురాలు బయటకు నడిచింది. మరొకతె లోపలే మిగిలి ప్రాణం పోగొట్టుకుంది.

ఇప్పుడు మీరు చెప్పండి. మెలాతి స్నేహద్రోహం చేసిందా?

“లేదు, పాపం చిన్నపిల్ల” అని మనం వెంటనే అంటాం. కానీ ఆమె మనసు ఒప్పుకోదు. తాను నడిచి వెళ్ళిన మాట నిజం. భయంతో వెళ్ళిన మాటా నిజం. అందుకే మన ఓదార్పు ఆమెకు తగలదు.

రచయిత్రి ఇక్కడ మరో సంగతి కూడా చెప్పింది. మెలాతికి అంతకు ముందు నుండే ఒక మానసిక బాధ ఉంది. ఈనాడు డాక్టర్లు దాన్ని ఓసీడీ అంటారు. ఆమె మాత్రం తనలో ఒక జిన్ను ఉందనుకుంటుంది. అది అమ్మ చనిపోతున్నట్టు కళ్ళకు చూపిస్తుంది. తాను లెక్క తప్పకుండా మూడేసిసార్లు తట్టకపోతే, లెక్కపెట్టకపోతే అమ్మ బ్రతకదని భయం.

ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. “నేను లెక్క తప్పితే అమ్మ చనిపోతుంది.” “నేను అక్కడే ఉంటే స్నేహితురాలు బ్రతికేది.” రెండూ ఒకే అబద్ధం. ఇంకొకరి ప్రాణం నా చేతిలోనే ఉందని చెప్పే అబద్ధం. మెలాతి ఉండిపోతే చనిపోయేవాళ్ళు ఇద్దరయ్యేవారు, అంతే. నేరం ఆ మనుషులను జాతి చూసి విడదీసినవాళ్ళది. ఆ భారాన్ని ఒక పిల్ల తన నెత్తిన వేసుకుంటే, అసలు దోషులు తేలికగా నడిచిపోతారు.

అలాగైతే బ్రతికినవారికి ఏ బాధ్యతా లేదా? ఉంది. దావీదును చూడండి. యోనాతాను గిల్బోవ కొండమీద పడిపోయినప్పుడు దావీదు అక్కడ లేడు. నేనెందుకు బ్రతికానని అతడు తనను తాను శిక్షించుకోలేదు. దుఃఖాన్ని దాచుకోనూ లేదు. విలాపగీతం పాడి, దాన్ని యూదావారికి నేర్పించమన్నాడు. సంవత్సరాలు గడిచి రాజైన తర్వాత, యోనాతానును బట్టి నేను ఉపకారం చేయడానికి సౌలు ఇంటివారిలో ఇంకా ఎవరైనా మిగిలారా అని వెదికించాడు. లోదెబారులో కుంటివాడైన మెఫీబోషెతు దొరికాడు. దావీదు అతన్ని తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు (2 సమూయేలు 9). బ్రతికినవాడు తీర్చవలసిన ఋణం ఇదే. చనిపోయినవారితో కలిసి చనిపోవడం కాదు, వారిని బట్టి మిగిలినవారిని ప్రేమించడం.

మన పిల్లలు కూడా స్నేహితులను పోగొట్టుకుంటారు. రోడ్డు ప్రమాదం కావచ్చు, జబ్బు కావచ్చు, ఆత్మహత్య కావచ్చు. అప్పుడు మనం తొందరపడి “దేవుని చిత్తం, ఏడవకు, చదువు చూసుకో” అంటాం. యోబు స్నేహితులు మొదటి ఏడు దినాలు మాట్లాడకుండా నేలమీద అతనితో కూర్చున్నారు. నోరు తెరిచాకే తప్పు చేశారు. మీరు కూడా ముందు కూర్చోండి. బిడ్డ “నా వల్లే” అంటే, “కాదులే” అని కొట్టిపారేయకుండా మొత్తం చెప్పనివ్వండి. నిద్ర, తిండి పోయి అదే ఆలోచన తిరుగుతుంటే ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరకూ తీసుకువెళ్ళండి. ఒకటి చేస్తే రెండోది మానాలని లేదు.

ఈ నవలలో హింస ఉంది. మనసు నొచ్చుకునే ఘట్టాలున్నాయని రచయిత్రే మొదట్లో హెచ్చరించింది. కాబట్టి ముందు మీరు చదివి, తర్వాత బిడ్డకు ఇవ్వండి. చదవడం అయ్యాక ఒకే ఒక్క మాట అడగండి: “ఆ పిల్ల స్థానంలో నువ్వుంటే, నీతో ఎవరు కూర్చోవాలని కోరుకుంటావు?”

మీ పేరు చెప్తే సంతోషించండి. చెప్పకపోతే, ఈ రాత్రే వెళ్ళి పక్కన కూర్చోండి.