తెగని లూపు, తెగకూడని నామం

మా ఊరి రామాలయంలో ఏటా కార్తీకంలో ఏకాహం చేస్తారు. సూర్యోదయానికి దీపం వెలిగించి నామం ఎత్తుకుంటే, మర్నాడు సూర్యోదయం దాకా తెగకూడదు. జట్లు వంతులు వేసుకుని, చిడతలూ తాళాలూ పట్టుకుని దీపం చుట్టూ తిరుగుతూ పాడతారు. కిందటేడు అదంతా ఫోన్లో తీసి, అమెరికాలో ఉన్న తమ్ముడి కోసం ఆరు నిమిషాల వీడియోగా కుదించాను. మైకు హోరులో మాట తెలియడం లేదు. సంగీతం నేనే కడదామని మా అమ్మాయి మ్యాక్ ముందు కూర్చుని గ్యారేజ్‌బ్యాండ్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. అందులో నా పనంతా లూపులతోనే.

లూపంటే తిరిగి తిరిగి మొదటికే వచ్చే సంగీతపు ముక్క. శ్రుతి మారకుండా దాని వేగాన్ని మన పాట వేగానికి సర్దే పద్ధతిని 1998లో వచ్చిన యాసిడ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంటింటి కంప్యూటర్లకీ తెచ్చింది. 2004లో వచ్చిన గ్యారేజ్‌బ్యాండ్‌లో అంచు పట్టుకుని లాగితే చాలు, లూపు ఎంత దూరమైనా సాగుతుంది. నిమిషానికి 80 దెబ్బలు పెట్టాను. నాలుగు దెబ్బల ఆవర్తానికి మూడు సెకన్లు, నాలుగు ఆవర్తాల తబలా లూపుకి పన్నెండు. ఆరు నిమిషాలకి అదే ముక్క ముప్ఫైసార్లు.

వేసి చూస్తే ఐదోసారికే చెవి వినడం మానేసింది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. నామం కూడా అంతే కదా? ఇరవై నాలుగు గంటలు అవే మాటలు. లూపులో లేనిది నామంలో ఏముంది?

వైవిధ్యం చాలలేదేమోనని పన్నెండు సెకన్లకోసారి లూపు మార్చాను. వేణువు చేర్చాను. అంతా నగల కొట్టు ప్రకటనలా తయారైంది. ఏకాహంలో వైవిధ్యం ఎక్కడుంది గనక! మనసు పెట్టి అనడమే తేడా అనుకుందామన్నా, భాగవతం ఆరో స్కంధంలో అజామిళుడు అడ్డం వస్తాడు. చావు వేళ అతను పిలిచింది కన్నకొడుకుని. ఆ కొడుకు పేరు నారాయణ కావడంతో గట్టెక్కాడు. మా నాన్న కూడా అనేవాడు, "నోరు తిరగనీరా, మనసు దాని వెనకాలే వస్తుంది" అని. మరి మనసు లేకుండా అన్న నామానికీ లూపుకీ తేడా ఏమిటి?

జవాబు నా ఫోన్లోనే ఉంది. రాత్రి మూడు గంటలప్పటి ముక్క. వంతులో మిగిలింది ఇద్దరే. ఒకాయన గోడకి జారగిలబడి కునుకు తీస్తున్నాడు. పాడుతున్నాయనకి గొంతు పూడుకుపోయింది. తాళం మోగుతూనే ఉంది గానీ మాట రావడం లేదు. ఇంకొక్క క్షణం ఆగితే నామం తెగేదే. అంతలో టీ గ్లాసుల పళ్లెం మోస్తూ వస్తున్న ఒక పెద్దామె గుమ్మంలోంచే అందుకుంది. పళ్లెం కింద పెట్టలేదు, అడుగు ఆపలేదు. కునికేవాడు ఉలిక్కిపడి లేచి గొంతు కలిపాడు.

ఆ ముక్కని ఎన్నిసార్లు చూశానో. లూపుకి తెగుతానన్న భయం లేదు, అందుకే దాన్ని ఎవరూ కాపాడనక్కర్లేదు. నామం ఏ క్షణాన్నైనా తెగవచ్చు. ఒక్కోసారి అనడమంటే తెగిపోకుండా మరోసారి అందుకోవడం. అజామిళుడు నాకు అప్పుడు కొత్తగా కనిపించాడు. ఊపిరి తెగిపోతున్న మనిషి ఆ ఊపిరితోనే ఒక పేరుని అందుకున్నాడు. మనసు ఎక్కడున్నా, ఆ పిలుపుకి ప్రాణం ఖర్చయింది. మా నాన్న మాటా అబద్ధం కాలేదు. అలసిపోయిన నోరు తిరగడంలోనే మనసు సగం వచ్చేసి ఉంటుంది.

ఆ దృశ్యానికి ముందే తబలా లూపుని కోసేశాను. తంబురా ఒక్కటీ సన్నగా ఉంచి, ఆ ఇరవై సెకన్లకీ ఫోన్ పట్టిన అసలు శబ్దాన్నే తిరిగి పెట్టాను. హోరు, చిడతలు, ఆగిన గొంతు, గ్లాసుల చప్పుడు, ఆమె స్వరం.

వీడియో తీసిన ఏడు తప్ప, ఇన్నేళ్లూ ప్రసాదం వేళకి వెళ్లి వచ్చేవాణ్ణి. ఈ కార్తీకానికి రాత్రి మూడు గంటల వంతులో నా పేరు రాయించాను.