నవ్వు ఎవరి మీద?

ఖానాపూర్‌లో మా సినిమా మిత్రుల చర్చ ఎక్కడ మొదలైనా చివరకు ఒక మాట దగ్గర ఆగుతుంది: "హాస్యానికి నీతి యేమిటి? నవ్వొచ్చిందా లేదా, అంతే." యీ వాదాన్ని నేను ఒప్పుకోను. నవ్వు ఎవరి మీద పడుతున్నదో చూడకుండా హాస్యానికి విలువ కట్టలేము.

చాలాకాలం తెలుగు తెరమీద మా తెలంగాణ యాస హాస్యగాడికో, ప్రతినాయకుడికో దక్కింది. ఆ మాట వినపడగానే జనం నవ్వారు, మావాళ్ళూ నవ్వారు. 2023లో వేణు యెల్దండి తీసిన 'బలగం'లో అందరిదీ ఆ యాసే. కనుక అక్కడ యాస నవ్వులపాలు కాలేదు. నల్లిబొక్క దగ్గర మొదలైన అలకను ఏళ్ళతరబడి మోసిన అల్లుడు, తాత చావుతో కట్నం చేజారుతుందని బెంగపడే అప్పులపాలైన మనవడు - నవ్వు వీళ్ళ పంతం మీద, ఆశ మీద పడింది. అవి మన ఇళ్ళలోనూ వున్నవే.

అయితే పేదవాణ్ణి చూసి నవ్వనే కూడదా? నవ్వవచ్చు. చాప్లిన్ 'సిటీ లైట్స్' (1931)లో ధనికుడు తాగినప్పుడు దేశదిమ్మరిని కౌగిలించుకుంటాడు. మత్తు దిగితే గుర్తుపట్టడు. దిమ్మరి పాట్లకు మనం నవ్వుతాము. బయటపడేది ధనికుడి స్నేహం. 'సినిమా బండి' (2021)లో ఆటో డ్రైవరు దొరికిన కెమెరాతో సినిమా తీయబోతాడు. అతని తెలియనితనం నవ్విస్తుంది. అతని పట్టుదల మనచేత గౌరవం ఇప్పిస్తుంది.

తక్కువ ఖర్చుతో తీసినంత మాత్రాన సినిమా గొప్పది కాదు. తెరమీది మనిషి మన పక్కనే కూర్చుని చూస్తే, అతనూ నవ్వగలగాలి. నా కొలబద్ద అదే.