అనధ్యాయం: పాఠం లేని రోజు

విదేశంలో చదువుకొనే విద్యార్థి తరగతులు లేని రోజున స్నేహితులతో కలిసి ఊరు చూడబోతే, ఆ రోజు విద్యలో భాగమవుతుందా, విద్యకు పడిన గండి అవుతుందా అన్న ప్రశ్న, నెల్లూరు తీరాన బోగోలు వంటి ఊళ్లలో, పొలమో బంగారమో తాకట్టు పెట్టి పిల్లలను దూరదేశాలకు పంపిన ఇళ్లలో, పైకి డబ్బుకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి అది ధర్మప్రశ్న. విద్యార్థి కాలం ఎవరిది, చూడటం నేర్వటంలో చేరుతుందా అన్న విచారణ అందులో ఇమిడి ఉంది. పెద్దల ఆందోళన తోసిపుచ్చదగినది కాదు గాని, దాని వెనుక ఉన్న ఊహను, అంటే ఎడతెగని చదువే నిండు చదువన్న ఊహను, మన శాస్త్రాలు ఒప్పుకోలేదు.

వేదాధ్యయన నియమాల్లో అనధ్యాయం, అంటే చదువు నిలిపి తీరవలసిన సమయం, ఒకటి. పాడ్యమి అటువంటి తిథి. సుందరకాండలో హనుమంతుడు చిక్కిపోయిన సీతను పాడ్యమినాడు చదివేవాడి విద్యతో పోల్చాడంటే, విరామం లేని చదువు క్షీణిస్తుందన్న నమ్మకం ఎంత పాతదో తెలుస్తుంది. యాజ్ఞవల్క్యస్మృతి 37 తాత్కాలిక అనధ్యాయాలను, అంటే కారణం ఉన్నంతసేపే వర్తించే విరామాలను, లెక్కించింది. వాటిలో నక్కల కూత వంటివాటితో పాటు శిష్టుడు, అంటే విద్యా సదాచారాలు గలవాడు, ఇంటికి వచ్చిన సందర్భమూ ఉంది. తక్కినవి చాలావరకు అశౌచానికో అపశకునానికో చెందినవి కాగా, ఇది మాత్రం ఎదుట నిలిచిన మనిషికి గ్రంథం దారి ఇవ్వాలని చెబుతున్నందున, ఆ పట్టికలో అన్నిటికన్నా విలువైన విధిగా దీనినే ఎంచవలసి ఉంటుంది.

అయితే అనధ్యాయం పుస్తకం మూయమంటుందే గాని వీధిలోకి వెళ్లమనదు. ఆ రెండో అడుగుకు ఆధారం తెలుగునేలకు పరదేశి విద్యార్థిగా వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ జీవితంలో దొరుకుతుంది. నాలందాలో శీలభద్రుని వద్ద చదివి, క్రీ.శ. 645లో స్వదేశం చేరిన ఈ చైనా భిక్షువు, దక్షిణయాత్రలో ధాన్యకటకం, అంటే నేటి అమరావతి సీమ, చేరి, అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులను కలిశాడని అతని జీవితచరిత్ర రాసిన హుయీలీ చెబుతాడు. వారు మహాసాంఘికులు, అంటే బౌద్ధసంఘం తొలి చీలికలో ఏర్పడిన శాఖకు చెందినవారు. హ్యూయన్‌త్సాంగ్ కొన్ని నెలలు ఆగి వారి అభిధర్మాన్ని, అంటే తత్త్వవిశ్లేషణ గ్రంథాలను, చదివాడు. వారు అతని వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. ఆ పిమ్మట ముగ్గురూ కలిసి పుణ్యస్థలాలు చూడటానికి బయలుదేరారు. అప్పటికే అక్కడి విహారాలు చాలావరకు పాడుపడి, ఇరవైకి పైగా మాత్రమే నిలిచి ఉన్నాయి. ఆ ముగ్గురి ప్రయాణంలో చదువు ఎక్కడ ముగిసి చూడటం ఎక్కడ మొదలైందో గీత గీయడం సాధ్యం కాదు.

దీనికి ఎదురునిలిచే ఉదాహరణ కూడా ధాన్యకటకానిదే. నాగార్జునుని మాధ్యమిక మతాన్ని, అంటే ఏ వస్తువుకూ స్వతస్సిద్ధమైన స్వభావం లేదనే సిద్ధాంతాన్ని, నిలిపిన భావవివేకుడు, బౌద్ధ పండితుడైన ధర్మపాలునితో వాదించాలని మగధకు వెళ్లాడు. ధర్మపాలుడు బోధివృక్షం వద్ద ఉన్నాడు. భావవివేకుడికేమో ఆ చెట్టును వృథాగా చూడరాదని, చూస్తే దేవమానవులకు నాయకుడై తీరాలని వ్రతం ఉంది. కబురు పంపితే, క్షణికమైన బతుకులో వాదానికి తీరిక లేదని ధర్మపాలుడు బదులిచ్చాడు. ఇద్దరూ కలుసుకోలేదు. ఈ కథను గ్రంథస్థం చేసిన హ్యూయన్‌త్సాంగ్ మాత్రం అదే చెట్టు ముందు సాగిలపడి, బుద్ధుని కాలంలో పుట్టలేకపోయినందుకు విలపించాడు. పక్వమైన తరువాతే చూడాలన్నది భావవివేకుని మార్గం. చూచినందువల్ల తన అపక్వతను తెలుసుకున్నది హ్యూయన్‌త్సాంగ్ మార్గం. మొదటిదాని గాంభీర్యం కాదనరానిది గాని, విద్యార్థికి తగినది రెండోదే, ఎందుకంటే లోటు తెలియనివాడు విద్యార్థి కాలేడు.

ధాన్యకటకపు స్నేహంలో మరొక అంశం ఇంతకన్నా ముఖ్యం. హ్యూయన్‌త్సాంగ్ పుచ్చుకొన్నంతా ఇచ్చాడు. దూరదేశపు నగరంలో మ్యూజియమో చర్చో చూపించిన స్నేహితులు సాయంత్రం ఏ హోటల్లోనో కూర్చొని నీ ఊరేదని అడిగినప్పుడు, బోగోలు నుంచి వెళ్లిన విద్యార్థి కొండబిట్రగుంట ప్రసన్న వేంకటేశ్వరుని గురించి, బిట్రగుంట రైల్వే కాలనీ గురించి, జువ్వలదిన్నె తీరంలో వేటకు వెళ్లే పడవల గురించి వారికి చెప్పగలిగితే, ఆ బల్ల చుట్టూ అధ్యయనం సాగుతున్నట్టే.