సంతకెక్కిన పరాక్రమం

సోవియట్ రెడ్ స్టార్ ఆర్డరుకు ముందువైపు ఎర్రటి మీనా పనితనం, అయిదు కోణాల నక్షత్రం, నడుమ తుపాకి పట్టి నిలబడ్డ సైనికుడు. కొత్తవాళ్లు అక్కడే ఆగిపోతారు. పతకాలు సేకరించేవాళ్లు మాత్రం చేతికి రాగానే దాన్ని తిప్పుతారు. కోటుకు బిగించే మర పక్కన టంకశాల ముద్ర, ఒక నంబరు ఉంటాయి. ఎవరికిచ్చారో ఉండదు, ఎందుకిచ్చారో ఉండదు. 1930 ఏప్రిల్ 6న నెలకొల్పిన ఈ ఆర్డరును 38 లక్షలకు పైగా సార్లు ఇచ్చారు. చూపుకు అన్నీ ఒకటే. తేడా అంతా ఆ నంబరులోనే.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన పతకాల అంచున సైనికుడి పేరు, రెజిమెంటు చెక్కి ఉండేవి. సోవియట్ పద్ధతి వేరు. నంబరు లోహం మీద, పేరు కాగితం మీద. ఆర్డరుతోపాటు సైనికుడికి ఒక చిన్న పుస్తకం ఇచ్చేవారు. పొలానికి పట్టాదారు పాసు పుస్తకం ఎలాగో ఆర్డరుకు అది అలాగ: ఫలానా మనిషికి, ఫలానా నంబరు. దాని వెనక ఇంకో కాగితం ఉంటుంది. సైనికుడు ఏ ఊరి దగ్గర, ఏ రోజున, ఏం చేశాడో రాసి పై అధికారి పంపిన సిఫారసు పత్రం అది. రెజిమెంటు నుంచి డివిజనుకు, అక్కడి నుంచి ఇంకా పైకి అది వెళ్తుంటే ఒక్కో అధికారి తన అభిప్రాయం జోడించి సంతకం పెట్టేవాడు. రెడ్ బ్యానర్ ఆర్డరుకు సిఫారసు చేస్తే చివరికి రెడ్ స్టార్ వచ్చిన సందర్భాలు కొల్లలు. ఆ పత్రాలు మాస్కో దగ్గరి పొదోల్స్క్‌లో రక్షణశాఖ కేంద్ర అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. 2010లో ‘ప్రజల సాహసం’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక వెబ్‌సైటు తెరిచి రష్యా ప్రభుత్వం వాటిని అందరి ముందూ పెట్టింది.

ఈ మూడూ, అంటే పతకం, పుస్తకం, సిఫారసు పత్రం, ఒకచోట చేరితే దాన్ని కాగితాలున్న సెట్టు అంటారు. ఒకే సైనికుడి రెడ్ స్టార్, ‘సాహసానికి’ మెడల్, లెనిన్‌గ్రాద్ రక్షణ మెడల్, 1945 విజయ మెడల్ విడిపోకుండా ఉంటే ఇంకా మంచిది. కాగితం లేని రెడ్ స్టార్ ఎక్కడైనా దొరుకుతుంది, చౌక కూడా. కాగితంతో వస్తే ధర ఎన్నో రెట్లు. ఆ కాగితంలో మండుతున్న ట్యాంకులోంచి తోటివాళ్లను లాగిన కథ ఉంటే మరింత. వంటశాల బండి నడిపిన కథైతే తక్కువ.

మనసు కలుక్కుమనేది ఇక్కడే. సైనికుడి పేరు మరుగున పడకుండా కాపాడుతున్న కాగితమే అతని సాహసానికి ధర కడుతోంది. చదివినవాడి కళ్లు ఎంత చెమ్మగిల్లితే బిల్లు అంత పెరుగుతుంది. పూజ్యమైన వస్తువును అమ్మవచ్చా, అమ్మితే అమ్ముడయ్యేది ఏమిటి అన్న పాత ప్రశ్న దేవుణ్ణి ఒప్పుకోని రాజ్యపు పతకాల రూపంలో మళ్లీ ఎదురైంది.

ఈ చిక్కును బాగా ఎరిగినవాళ్లు మధ్యయుగపు క్రైస్తవులు. సాధువుల ఎముకలు, వస్త్రాలు అప్పుడు ఐరోపా అంతటా చేతులు మారేవి. 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ రెండు మాటలు ఒకే నియమంలో చెప్పింది: పాత అవశేషాలను అమ్మకానికి పెట్టరాదు, కొత్తగా దొరికినవాటిని పోపు ఆమోదం లేకుండా పూజించరాదు. అమ్మకం నిషేధం, రుజువు తప్పనిసరి. 1983 నాటి కేథలిక్ చర్చి చట్టం కూడా పవిత్ర అవశేషాల అమ్మకాన్ని నిషేధించింది. అమ్మకం కుదరనిచోట దొంగతనం నడిచింది. 1087లో ఇటలీలోని బారీ నావికులు మైరా పట్టణం నుంచి సెయింట్ నికొలస్ ఎముకలు ఎత్తుకొచ్చారు. అలాంటి దోపిడులకు భక్తులు చెప్పుకున్న సమర్థన ఒకటుంది: సాధువే రావాలనుకున్నాడు, ఆయన ఇష్టం లేకపోతే ఎముక కదిలేదా? నేటి సేకర్త వాదం దీనికి దూరం కాదు. నేను కొనకపోతే కరిగించేవాళ్లు కదా అంటాడు.

అందులో అబద్ధమేమీ లేదు. లెనిన్ ఆర్డరులో సుమారు 28 గ్రాముల బంగారం, దాని మీద ప్లాటినం రూపచిత్రం ఉంటాయి. రెడ్ స్టార్‌లో దాదాపు 27 గ్రాముల వెండి. 1992లో రష్యాలో ధరలు ఏడాదిలో సుమారు 2,500 శాతం పెరిగినప్పుడు, పింఛను రొట్టెకు కూడా చాలని ముసలివాళ్లు పతకాలు అమ్ముకున్నారు. మాస్కో అర్బాత్ వీధిలో బొమ్మల పక్కన, టోపీల పక్కన అవీ బల్లల మీదికెక్కాయి. ఆకలి ముందు అమ్మినవాణ్ణి తప్పుపట్టే హక్కు ఏ వేదాంతానికీ లేదు. కొన్నవాడి లెక్క వేరు.

రుజువు కోసం తపన మన నేలకు కొత్త కాదు. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు అవి బుద్ధుడి ధాతువులని చెబుతున్నాయి, పేటికలు చేయించినవాళ్ల పేర్లూ చెబుతున్నాయి. ఆ రాత లేకపోతే లోపల ఉన్నది ఎవరి ఎముకో ఎవరు చెప్పగలరు? సోవియట్ ఆర్డరుకైనా అంతే.

పతకాల కోసం తపన ముదిరితే ఎక్కడిదాకా పోతుందో చెప్పడానికి వైస్ అడ్మిరల్ గియోర్గీ ఖొలొస్త్యకోవ్ కథ చాలు. జలాంతర్గామి దళాల్లో పైకొచ్చిన మనిషి. 1938లో స్తాలిన్ ప్రక్షాళనలో అరెస్టయ్యాడు, 1940లో విడుదలయ్యాడు. యుద్ధంలో నొవొరొసీస్క్ నౌకాస్థావరానికి అధిపతి. 1965లో సోవియట్ యూనియన్ హీరో బిరుదు వచ్చింది. 1983 జూలైలో, 80 ఏళ్లు నిండిన వయసులో, మాస్కోలోని సొంత ఇంట్లోనే హత్యకు గురయ్యాడు. భార్యనూ చంపేశారు. పాత్రికేయ విద్యార్థులమంటూ వచ్చిన యువ దంపతుల పని అది. వాళ్లకు కావలసింది ఆయన పతకాలు. అంతకుముందూ ఎందరో మాజీ సైనికుల ఇళ్లలో ఇలాగే చొరబడి ఎత్తుకెళ్లారని దర్యాప్తులో తేలింది. దేశం పెట్టిన గౌరవమే ఆ ఇంటి అడ్రసును దొంగలకు ఇచ్చింది.

సాహసానికి వెల కట్టింది మొదట సంతేనా అంటే, కాదు. 1941 ఆగస్టు 23న స్తాలిన్ పేరుతో వెలువడిన 281వ ఉత్తర్వు చూడండి. యుద్ధరంగం నుంచి గాయపడినవాళ్లను, వాళ్ల ఆయుధాలతో సహా, మోసుకొచ్చే వైద్య సిబ్బందికి ఏమివ్వాలో అందులో ఉంది. 15 మందిని తెస్తే మెడలు. 25 మందికి రెడ్ స్టార్. 40 మందికి రెడ్ బ్యానర్. 80 మందికి లెనిన్ ఆర్డరు. తుపాకి కూడా తేవాలి, మనిషిని మాత్రమే తెస్తే లెక్కలోకి రాదు. 1943 నవంబరు 8న సామాన్య సైనికుల కోసం పెట్టిన గ్లోరీ ఆర్డరు నియమావళి కూడా ఇలాంటిదే: సొంత ఆయుధంతో 10 నుంచి 50 మంది శత్రువులను చంపినవాడు, గ్రెనేడ్లతో ఒకటి నుంచి మూడు ట్యాంకులను పేల్చినవాడు అంటూ కొలతలు.

ఈ కొలతలు పెట్టినవాళ్లను వెక్కిరించడం సులువు, న్యాయం కాదు. లక్షల మంది చస్తున్న సైన్యంలో బంధుప్రీతి లేకుండా పతకాలు పంచాలంటే లెక్క తప్ప ఇంకేముంది? అయినా ప్రశ్న మిగిలే ఉంటుంది. పద్నాలుగో మనిషిని భుజాన వేసుకుని వస్తూ తానే తూటాకు కూలిన అమ్మాయి మాటేమిటి? పదిహేనోవాడితో ఆమె దయ మొదలు కాలేదు కదా. ఫలం మీద చూపు లేకుండా పని చేయమన్న గీతను వింటూ పెరిగినవాళ్లకు ఈ ఉత్తర్వు చదువుతుంటే చిత్రంగా ఉంటుంది. ఆమె ఫలం కోసం చేసి ఉండదు. కాని ఫలాన్ని లెక్కగట్టే యంత్రం అప్పటికే తిరుగుతోంది.

మన పురాణాల్లో అలాంటి లెక్క రాసేవాడు చిత్రగుప్తుడు. ఆయన చిట్టాలో ఎవరూ చూడని పని కూడా ఎక్కుతుంది, నమ్మకానికి బలం అంతా అందులోనే. పొదోల్స్క్ చిట్టాలో ఎక్కింది మాత్రం ఒక అధికారి చూసింది, లేదా విన్నది, కాగితం మీద పెట్టే తీరిక దొరికింది. 1941లో సోవియట్ సైన్యం కీయెవ్ దగ్గర, వ్యాజ్మా దగ్గర చుట్టుముట్టబడి లక్షల్లో చిక్కుకుంది. సాక్ష్యం చెప్పాల్సినవాళ్లే మిగల్లేదు, సిఫారసు రాసేదెవరు? అందుకే 1941 నాటి పతకాలు అరుదు, ఖరీదు. సాహసం మాత్రం ఆ ఏడాది అరుదు కాదు.

ఒక వస్తువు కనబడకపోవడం అది లేదనడానికి రుజువేనా? మీమాంసకుల్లో కుమారిల భట్టు అనుపలబ్ధిని ప్రమాణంగా ఒప్పుకున్నాడు. బల్ల మీద కుండ కనబడకపోతే కుండ లేదని తెలుస్తుంది. అయితే అక్కడ ఉంటే కనబడి తీరాల్సిన వస్తువు కనబడనప్పుడే ఆ మాట చెల్లుతుంది, చీకటి గదిలో చెల్లదు. సేకర్తలు ‘కాగితం దొరకలేదు కాబట్టి ఇతనిది మామూలు సర్వీసే’ అని తేల్చేటప్పుడు ఈ షరతునే దాటేస్తారు. 1941 చీకటి గది.

మేజర్ ప్యోత్ర్ గవ్రీలోవ్ ఆ గదిలోని మనిషే. 1941 జూన్ 22న జర్మన్లు సరిహద్దు దాటినప్పుడు బ్రెస్త్ కోటలో ఉన్నాడు. పశ్చిమాన సైన్యం వందల మైళ్లు వెనక్కి పోయాక కూడా కోటలోని కొందరు పోరాడుతూనే ఉన్నారు. దాదాపు నెల తర్వాత, జూలై 23న, తీవ్రంగా గాయపడి, తిండిలేక శుష్కించిన స్థితిలో గవ్రీలోవ్ పట్టుబడ్డాడు. నాలుగేళ్లు జర్మన్ ఖైదు. విడుదలై వస్తే పార్టీ సభ్యత్వం పోయింది. పట్టుబడినవాడన్న మచ్చ మిగిలింది. ఆయన పేరిట ఒక్క సిఫారసు పత్రమైనా రాసే అధికారి ఏ కోటలో బతికున్నాడు? రచయిత సెర్గేయ్ స్మిర్నోవ్ కోట రక్షకుల కోసం ఊరూరా వెతికి, బతికి ఉన్నవాళ్ల సాక్ష్యాలు కూడగట్టాక 1956లో ఆయన్ను పార్టీలోకి మళ్లీ తీసుకున్నారు. 1957లో హీరో బిరుదు ఇచ్చారు. ఆ పదిహేనేళ్లూ గవ్రీలోవ్ చేసిన పని ఎక్కడుంది? అది జరగలేదని అనగలమా? స్మిర్నోవ్‌కు ఇంకో పని తగిలి ఉంటే ఈనాటికీ కాగితం ఉండేది కాదు. పని మాత్రం జరిగే ఉండేది.

సోవియట్ పతకాలు పొందినవాళ్లలో మన దేశపు పేర్లూ ఉన్నాయి. ఇరాన్ మీదుగా సోవియట్ యూనియన్‌కు యుద్ధసామగ్రి చేరవేసిన రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో సుబేదార్ నారాయణరావు నిక్కం, హవల్దార్ గజేంద్ర సింగ్ చంద్‌లకు రెడ్ స్టార్ ఆర్డర్లు దక్కాయి. వాళ్ల పేర్లు రష్యా సైనిక మ్యూజియంలోకి చేరింది 2020లో. బ్రిటిష్ చక్రవర్తి సైన్యంలో పనిచేస్తున్న భారతీయుడి ఛాతీ మీద బోల్షివిక్ నక్షత్రం! కాగితం లేకుండా ఏ బల్ల మీదో భారతీయ సైనికుడి పతకాలతో ఈ నక్షత్రం కనబడితే నకిలీ అని పక్కన పడేయడానికి ఏ సేకర్తా క్షణం ఆలోచించడు.

ఇక పతకం ఎవరిది? సోవియట్ రాజ్యం మొదట ఇచ్చిన జవాబు సూటిగా ఉండేది: రాజ్యానిది. ఆర్డరు పొందినవాడు చనిపోతే దాన్ని తిరిగి అప్పగించాలి. 1942 మే 20న పెట్టిన దేశభక్త యుద్ధ ఆర్డరు ఈ రివాజును మార్చింది. ఈ ఆర్డరును మాత్రం చనిపోయినవాడి జ్ఞాపకంగా కుటుంబం ఉంచుకోవచ్చునంది. రోజుకు వేల మంది చస్తున్న ఏడాదిలో, భర్తనిచ్చిన ఇల్లాలి చేతిలోంచి లోహపు ముక్కను కూడా వెనక్కి లాక్కోవడం ఎంత పాషాణ ప్రభుత్వానికైనా కుదిరే పని కాదేమో. తమాషా ఏమిటంటే సంతకు దారి తెరిచింది ఆ దయే. తిరిగి అప్పగించే వస్తువుకు వారసుడు ఉండడు. వారసుడు లేనిదే అమ్మకందారు ఉండడు.

1985లో విజయానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా, బతికున్న మాజీ సైనికులకు అదే ఆర్డరును లక్షల సంఖ్యలో పంచారు. ఈసారి బంగారం లేదు, వెండి మీద పూత. సేకర్తలు వీటిని పెద్దగా పట్టించుకోరు. యుద్ధం చేసినవాళ్లకే ఇచ్చినా, ఇవి యుద్ధకాలంలో ఇచ్చినవి కావు.

కాగితాలు వెబ్‌సైటులోకి వచ్చాక ఒక కొత్త మనిషి ఈ కథలోకి వచ్చాడు: మనవడు. తాత యుద్ధం గురించి ఇంట్లో నోరు విప్పలేదు. తాత పోయాక సిఫారసు పత్రం చదివి మనవడు తొలిసారి తెలుసుకుంటాడు. అందులో పేరుంది, ఊరుంది, తేదీ ఉంది. ఆర్డరు నంబరు కూడా దొరకవచ్చు. ఆ నంబరు పతకం ఏ విదేశీ సేకర్త అద్దాల పెట్టెలోనో ఉండవచ్చు. ఆ సేకర్త ఒక్కడే సెట్టును విడగొట్టకుండా పదేళ్లు కాపాడాడు, పరిశోధించాడు, డబ్బు పెట్టాడు అనుకుందాం. సెట్టును చీల్చి ముక్కలుగా అమ్ముకునే వ్యాపారితో పోలిస్తే అతను చేసింది మేలే. కాని ఆ మేలు అతన్ని కాపలాదారుణ్ణి చేస్తుంది, వారసుణ్ణి చెయ్యదు. కుటుంబం అడిగితే కనీసం కాగితాల నకళ్లయినా ఇవ్వడం, ఎవరి ఇంట్లో ఉన్నాయో దాచకపోవడం అతను తప్పించుకోలేని బాధ్యత.

తిరిగి ఇచ్చేయమనడం కూడా అనుకున్నంత తేలిక కాదు. సోవియట్ ప్రభుత్వ పతకాలను అక్రమంగా కొనడం, అమ్మడం రష్యా శిక్షాస్మృతి 324వ సెక్షను కింద నేరం. ఆ సెక్షను పాఠంలో మనవడికి మినహాయింపు లేదు. మాస్కోలో డబ్బిచ్చి తాత రెడ్ స్టార్‌ను కొనుక్కునే మనవడు పోలీసుకు జవాబు చెప్పాల్సి రావచ్చు. అదే పతకాన్ని లండన్ వేలంలో కొన్న అపరిచితుడు రసీదు జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు.