కిటికీ రెక్క

పెన్సిల్వేనియా రాష్ట్రంలో 67 కౌంటీలు ఉన్నాయి. 2024 నవంబర్ 6న తాడిపత్రిలో, నేను లెక్కలు రాసే బండల ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో కూర్చుని, ఏ కౌంటీలో ఎన్ని ఓట్లు లెక్కపెట్టారో పొద్దుటి నుంచి ఫోనులో చూస్తూనే ఉన్నాను. బయట పాలిష్ మిషను తిరుగుతోంది. దాని కింది నీళ్లూ రాతిపొడీ కలిసి బూడిదరంగు బురదై కాలవలో పారుతున్నాయి. ఆరిపోయాక ఆ పొడి గాల్లో లేచి లెడ్జరు మీద, టీ గ్లాసు మీద, ఫోను మీద వాలుతుంది. బొటనవేలితో అద్దం తుడుచుకోవడం, మళ్లీ పొడి పడటం, మళ్లీ తుడవటం. లోడుకు చలానా రాయమని లారీ డ్రైవరు రెండుసార్లు వచ్చి అడిగితే రెండుసార్లూ "ఉండప్పా" అన్నాను. సాయంత్రం నాలుగు గంటలప్పుడు ట్రంప్ గెలిచాడని ఖాయమైంది. ఆయన ఫొటో వాట్సాప్ స్టేటస్‌గా పెట్టి, కింద 'మగాడు' అని రాశాను.

ఈ అలవాటు నాకు 2016లో మొదలైంది. ఆ ఏడే మా అమ్మాయి ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ పోయింది. మొదట్లో అక్కడ ఎండ ఎంతుందో, గాలివాన వస్తుందో రాదో చూసుకోవడానికే అమెరికా వార్తలు తెరిచేవాణ్ణి. అదే ఏడు కాలిన్ కేపర్నిక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు, నల్లవాళ్ల మీద పోలీసుల దౌర్జన్యానికి నిరసనగా, జాతీయగీతం పాడుతుంటే మోకాలి మీద కూర్చున్నాడు. దేశమంతా రెండుగా చీలి కొట్లాడుకుంది. చేత్తో ఎత్తుకుని పరిగెత్తే ఆటకు ఫుట్‌బాల్ అని పేరెందుకో కూడా తెలియని నేను, ఆ కుర్రాడు తప్పు చేశాడని వారంలో తేల్చేశాను. అతను చెప్పిన కారణం ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు. వినాలని అనిపించలేదు. నేనొక పక్షం పట్టాను, అంతే. పట్టిన క్షణంలో ఒంట్లో ఏదో తెలియని సంతోషం పాకింది.

ఆ సంతోషం ఎక్కడిదో అర్థం కావడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

మా నాయనది పుట్లూరు వైపు ఒక పల్లె. ఆ పల్లెల్లో మా చిన్నప్పుడు 'పార్టీ' అంటే జెండా, గుర్తు, మేనిఫెస్టో కాదు. ఊళ్లో రెండు ఇళ్లు. ఒక ఇంటి వెనక ఉన్నోళ్లు ఒక పార్టీ, ఇంకో ఇంటి వెనక ఉన్నోళ్లు ఇంకో పార్టీ. పెళ్లి పిలుపు, బావి నీళ్లు, మంగలి కత్తి, అన్నీ దాని ప్రకారమే నడిచేవి. శెనక్కాయ పంట వరసగా రెండేళ్లు ఎండిపోయాక మా నాయన మమ్మల్ని తీసుకుని తాడిపత్రి వచ్చి బండలు మోసే పనిలో చేరాడు. కరువు ఒక కారణం. రెండో కారణం, అక్కడుంటే ఏదో ఒక ఇంటి వెనక నిలబడక తప్పదు. తాడిపత్రి వచ్చాక ఆయన నాకు నేర్పిన చదువు ఒక్కటే: "ఎవరన్నా అడిగితే నాకు తెలీదను. చూసినా చూల్లేదను." టీ అంగట్లో రాజకీయం మొదలైతే గ్లాసు సగంలో వదిలేసి లేచి వచ్చేవాడు. నేనూ అట్లాగే పెరిగాను. ఈ ఊళ్లో నలభై ఏళ్లుగా ఓటేస్తున్నాను. ఎవరికి వేశానో నా భార్యకు కూడా చెప్పలేదు.

అమెరికా నాకు వెంటనే అర్థమైందంటే అందుకే. ఎర్ర రాష్ట్రాలు, నీలి రాష్ట్రాలు. మనోళ్లు, ఎదుటోళ్లు. మనోడు ఏం చేసినా సరే, ఎదుటోడు ఏం చేసినా ద్రోహం. ఇదంతా మా పల్లెలో చూసిందే. తేడా ఒక్కటే. అక్కడ నేను ఏ ఇంటి వెనక నిలబడినా తాడిపత్రిలో నా షట్టరు మీద ఎవరూ రాయి వేయరు. జీవితంలో మొదటిసారి గొంతెత్తి ఒకణ్ణి మెచ్చుకుని ఇంకొకణ్ణి తిట్టగలిగాను. నోరు నొక్కుకుని పెరిగినవాడికి అది ఎంత మత్తుగా ఉంటుందో రాసి చెప్పడం కష్టం. రాత్రి పదకొండుకు పడుకునేవాణ్ణి రెండింటిదాకా మేలుకునేవాణ్ణి. వలసవాళ్లను తరిమేయాలనే వీడియోలు చూసి, ఫ్యాక్టరీలో కుర్రాళ్లకు చూపించేవాణ్ణి.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ జరిగింది. మర్నాడు తాడిపత్రిలో రెండు వర్గాలు రాళ్లకు దిగాయి, పోలీసులు బాష్పవాయువు వదిలారు, ఊళ్లో 144 సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, విచారణకు సిట్ వచ్చింది. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. పేపర్లలో రానిది మా వీధిలో జరిగింది. నేను మేడ మీద గదిలో ఉన్నాను. కిటికీ రెక్క రెండు వేళ్ల సందు తెరిచి చూస్తున్నాను. మా ఫ్యాక్టరీలో పాలిష్ పట్టే కుర్రాడొకడు, ఏ వర్గానికీ చెందనివాడు, కూతురికి పాల పాకెట్టు పట్టుకుని గోడ వారగా పోతున్నాడు. రాయి వచ్చి అతని కుడి కనుబొమ మీద తగిలింది. పాకెట్టు పగిలి పాలు రోడ్డు మీద పారాయి. వాటిలో అతని రక్తం చుక్కలు చుక్కలుగా పడటం నాకు మేడ మీది నుంచి కనిపించింది. రాయి విసిరినవాడి మొహమూ కనిపించింది. తెలిసిన మొహమే.

నేను కిటికీ రెక్క మూసేశాను.

నాలుగు రోజుల తర్వాత ఆ కుర్రాడు తలకు కట్టుతో ఇంటికి వచ్చాడు. "చూసినోళ్లు ఎవురన్నా ఉంటే చెప్పమంటాండారు సార్. నీ మేడ కిందనే కదా జరిగింది. నువ్వు చూసింటే..." అన్నాడు. "నేను లోపల ఉన్యానప్పా. చూల్లేదు" అన్నాను. మా నాయన నేర్పిన మాట, ఆయన గొంతుతోనే వచ్చింది. అతను "సరే సార్" అని మెట్లు దిగిపోయాడు.

రాళ్లు పడిన ఆ మే 14 రాత్రి నేనేం చేశానో కూడా చెప్పాలి. న్యూయార్క్ కోర్టులో ట్రంప్ మీద కేసు నడుస్తోంది. మన టైము సాయంత్రం ఏడింటికి కోర్టు మొదలవుతుంది. ముందురోజు నుంచి మైకేల్ కోహెన్ బోనులో ఉన్నాడు. ట్రంప్‌కు ఏళ్లపాటు సొంత లాయరుగా ఉన్నవాడు, ఒకప్పుడు ఆయన కోసం తూటాకైనా అడ్డుపడతానన్నవాడు. ఇప్పుడు పాత యజమాని ఎదురుగా కూర్చుని ఉండగా సాక్ష్యం చెబుతున్నాడు. ఆ మనిషి మంచివాడని నేననను. అబద్ధాలు చెప్పి జైలుకు పోయి వచ్చినవాడే. నేను మాత్రం ఆ రాత్రి ఒక పక్క కింద రోడ్డు మీద బూట్ల చప్పుడు వింటూ, ఫోను వెలుతురులో, "తిన్న ఇంటి వాసాలు లెక్కబెట్టే నా కొడుకు" అని అతణ్ణి తిట్టుకుంటూ గడిపాను. సాక్ష్యం చెప్పినవాణ్ణి సముద్రాల అవతల తిడుతూ, సాక్ష్యం చెప్పని నన్ను నేను నిద్రపుచ్చుకున్నాను. మే 30న జ్యూరీ 34 అభియోగాల్లోనూ ట్రంప్ దోషి అని తేల్చితే అన్యాయమైపోయిందని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కనుబొమ పగిలిన కుర్రాడి కేసు ఏమైందో అడగలేదు. మా సీమలో కేసులు ఎట్లా వీగిపోతాయో అందరికీ తెలుసు. 'సాక్షి అడ్డం తిరిగినాడు' అంటారు. నేను అడ్డం తిరగడానికి కూడా బయటికి రాలేదు.

వారం తిరిగేసరికి, జూన్ 6న, డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో టీ20 ప్రపంచకప్ మ్యాచ్. అమెరికా పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది. 18 పరుగులు కాపాడిన బౌలరు సౌరభ్ నేత్రావల్కర్. ముంబైలో పుట్టి, అండర్-19లో మన దేశానికి ఆడి, చదువుకోసం పోయి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాడు. మా అమ్మాయి, అల్లుడు స్టేడియంలోనే ఉన్నారు. మనకు అర్ధరాత్రి దాటింది. వీడియో కాల్‌లో వాళ్లు ఎగురుతుంటే నేనూ మంచం మీద లేచి నిలబడ్డాను. "మనోడు గెలిపించినాడు" అని అరిచాను. ఆ మనోడు కూడా వలస పోయినవాడే. వలసవాళ్లను తరమాలన్న వీడియో అదే ఫోనులో, అదే రోజు పొద్దున ముగ్గురికి పంపి ఉన్నాను. ఆ రెండూ ఒకదానికొకటి తగిలి శబ్దం చేయలేదు. చేసి ఉండాల్సింది.

జూలైలో బట్లర్ అనే ఊళ్లో తూటా చెవిని కోసుకుపోయినా ట్రంప్ రక్తపు మొహంతో పిడికిలి ఎత్తడం చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నవంబర్ సంగతి మొదట్లో చెప్పాను. ఉపాధ్యక్షుడి భార్య ఉష వాళ్ల పూర్వీకులది పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరు అని టీవీలు ఊదరగొడుతుంటే, వియ్యంకుల ఇల్లు గెలిచినట్టు పొంగిపోయాను.

2025 జనవరి 20న ప్రమాణం చేసిన రోజే ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే, ఫిబ్రవరి 19 నుంచి అక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం ఉండదని. మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ హెచ్‌-1బి మీద ఉన్నారు. అమ్మాయికి అప్పుడు ఏడో నెల. నా భార్య పురిటికి పోవడానికి సిద్ధమవుతోంది. బాలింతకని శొంఠి దంచి, వాము ఎండబెట్టి, చిన్న చిన్న పొట్లాలు కట్టి మంచం మీద పరిచింది. ఆ పొట్లాల పక్కనే కూర్చుని నేను ఫోన్లో అమ్మాయికి ఆ ఉత్తర్వు వివరించాను. ఏ దేశమైనా తన గడప తాను కాచుకోవాలి కదమ్మా అన్నాను. దారిన పోయేవాళ్లందరి పిల్లలకూ పౌరసత్వం ఇస్తారా అన్నాను. పది నిమిషాలు మాట్లాడి ఉంటాను.

అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా అంది: "నాన్నా, నువ్వు ఆ స్టేటస్ పెట్టిన రోజు ఈయన చూసి నాకు చూపించినాడు. ఏమీ అనలేదు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టినాడు." మళ్లీ కాస్త ఆగి, "నా బిడ్డ మార్చిలో పుడుతుంది. నువ్వు చెప్పేది దానిక్కూడానా?"

"మీది వేరే అమ్మా" అన్నాను.

"ఏం వేరే నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. నా భార్య పొట్లాలు కట్టడం ఆపి నా మొహం చూస్తోంది. మనోళ్లు కాబట్టి వేరే. అంతకు మించి నాకు తెలిసిన న్యాయం లేదని ఆ క్షణంలో అర్థమైంది. మా నాయన ఏ పల్లెను వదిలి పారిపోయి వచ్చాడో ఆ పల్లెను నేను జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

మూడు రోజులకు సియాటిల్‌లో జాన్ కాఫెనార్ అనే జడ్జి ఆ ఉత్తర్వును ఆపేశాడు. అది రాజ్యాంగానికి పచ్చిగా విరుద్ధమని చెప్పాడు. ఆయన్ని 1981లో నియమించింది రీగన్, అంటే రిపబ్లికన్ అధ్యక్షుడే. మన ఇంటి వెనక నిలబెట్టిన మనిషి మన ఇంటికే ఎదురు మాట చెప్పడం నా లెక్కలో లేని సంగతి. ఆ రాత్రి మొదటిసారి నా పక్షం వీడియోలు కాకుండా వేరేవి వెతికి చదివాను. 1868లో 14వ సవరణ ఎందుకు వచ్చిందో, బానిసలుగా ఉన్నవాళ్ల బిడ్డలను ఎవరూ ఇక పరాయివాళ్లనకుండా ఎట్లా రాసుకున్నారో చదివాను. వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడి కథ చదివాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టినవాడు. చైనా పోయి తిరిగొస్తుంటే ఓడరేవులోనే ఆపి, నువ్వు ఇక్కడివాడివి కాదన్నారు. కోర్టుకెక్కి, 1898లో సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచాడు. చదువుతుంటే మా నాయన కళ్ల ముందు కదిలాడు. తాడిపత్రి వచ్చిన కొత్తలో రేషన్ కార్డు కోసం తిరిగి తిరిగి, 'మీరు ఈ ఊరోళ్లు కాదు' అనిపించుకుని, సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేవాడు. పక్కన నడిచింది నేనే.

మార్చిలో మనవరాలు పుట్టింది. పాప ఫొటోలు నా భార్య ఫోనుకు వచ్చేవి. నాకు విడిగా పంపడానికి అమ్మాయికి రెండు నెలలు పట్టింది. నేను అడగలేదు. సెప్టెంబర్ 19న కొత్త హెచ్‌-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం అన్నారు. అది ఎవరికి వర్తిస్తుందో తేలేలోపలే, దసరాకు పాపను తీసుకొస్తామని కొన్న టికెట్లు వాళ్లు రద్దు చేసుకున్నారు. అవే రోజుల్లో టెక్సాస్‌లోని షుగర్‌ల్యాండ్‌లో చినజీయర్ స్వామి సంకల్పంతో నిలబెట్టిన 90 అడుగుల ఆంజనేయుణ్ణి అక్కడి రిపబ్లికన్ నాయకుడొకడు తప్పుడు దేవుడన్నాడు. తిట్టాలని వేలు లేచింది. తిట్టలేదు. ఈ తొమ్మిదేళ్లలో ఎవరెవరి దేవుళ్లను, ఎవరెవరి బిడ్డలను తిట్టిన వీడియోలు నేను పంచానో గుర్తొచ్చి, ఫోను పక్కన పెట్టి బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి పోయి పెన్న వైపు మెట్ల మీద కూర్చున్నాను. నదిలో ఇసుకే ఉంది. గుళ్లో లింగం కింద మాత్రం ఊట ఎప్పటిలాగే ఊరుతోంది.

అమ్మాయికి ఫోన్ చేసి తప్పైందన్నాను. అది చెప్పడం నేననుకున్నంత కష్టం కాలేదు. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను, పాపను చూపించింది. కష్టమైంది ఇంకొకటి ఉంది.

శనివారం శనివారం నేను కూలీలకు వారం బట్వాడా ఇస్తాను. ఆ కుర్రాడు వరసలో వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి, నోట్లు లెక్కబెట్టుకుని పోతాడు. కుడి కనుబొమలో మచ్చ ఉంది. అక్కడ వెంట్రుకలు మొలవలేదు. పని దిగి వచ్చేసరికి ఆ గీతలో రాతిపొడి తెల్లగా నిండి ఉంటుంది. ఏడాదిన్నర ఆ గీత చూడకుండా నోట్లు చేతిలో పెట్టాను. పోయిన శనివారం అందరూ పోయేదాకా అతణ్ణి ఉండమన్నాను. తలుపు దగ్గరగా వేసి, "ఆ పొద్దు నేను చూసినానప్పా. రాయి వేసినోణ్ణి కూడా చూసినా. ఇప్పుడైనా చెప్పమంటే వస్తా" అన్నాను.

అతను నోట్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"తెలుసు సార్. కిటికీ రెక్క కదిలింది, నేను పైకి చూసినా" అన్నాడు.